రాళ్లగడ్డ బడిగోడ మీద పదమూడో ఎక్కం

సర్కారు బళ్ల గోడల మీద రైలు డబ్బాల బొమ్మలు వేసే పిల్లలు ఇద్దరు మొన్న నా దగ్గరికొచ్చిండ్రు. కిటికీ ఉన్నకాడ రైలు కిటికీ, తలుపు ఉన్నకాడ రైలు తలుపు. సెల్లులో చూసుకుంట మంచిగనే దింపుతుండ్రు. బడి అచ్చం రైలయింది. ఎక్కే పిల్లలే తక్కువైండ్రని సార్లు పరేషాన్ ఉన్నరు గాని, అది పెయింటర్ల తప్పు కాదు.

ఆ పిల్లలు అడిగిండ్రు: "చిచ్చా, మీ కాలంల పని ఎట్లుండెనో జర రాసియ్యి. కొత్తగ పనిలకొచ్చెటోళ్లకు అక్కరకొస్తది."

అక్కరకొస్తదో రాదో నాకు తెల్వదు. నేను రాసినవాటిలో ఎక్కువ ఇతరులు చెప్పినవే. దుకాణం పేరు, లీడరు పేరు, సబ్బు పేరు. సొంతంగా రాసింది తక్కువ. సొంతంగా రాసిన ఒక్కటి ఒక బడిని మూయించింది. అదే చెప్త.

నా పేరు ఖాజా. మెదక్‌లో ముప్పై ఏండ్ల పైన బోర్డులు, గోడలు రాసిన. ఏది రాసినా కింద కుడిమూలకు చిన్నగా "ఖాజా ఆర్ట్స్, మెదక్" అని పెట్టెటోన్ని. చదివింది నాలుగో తరగతి సగం. మిగిలిన సగం బడికే వదిలేసిన, ఎవరికన్నా అక్కరకొస్తదని. ఇంత తక్కువ చదువుతోని ఊరంతటికీ రాతలెట్ల రాసినవని అడుగుతరు. చదువుకున్నోళ్లు నిచ్చెన ఎక్కరు, అందుకే నాకు పని దొరికింది.

చదవకు, చూడు

మా ఉస్తాద్ దుకాణం చర్చికి పోయే తొవ్వలో ఉండేది. ఇద్దరు మనుషులు నిలబడితే మూడో మనిషి బయట నిలబడాలె, అంత దుకాణం. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ ముత్యాల లెక్క రాసేటోడు. ఇంగ్లీషు ఒక్క ముక్క చదవరాదు. నాకు మొదటిరోజు చెప్పిన పాఠం ఇది: "అక్షరాన్ని చదవకు బేటా, చూడు."

చదివితే బుర్ర ముందుకురుకుతది, చెయ్యి ఎనకవడతది, అక్షరం వంకరపోతది అని ఆయన లెక్క. "క" అని అనుకోవద్దు. ఒక వంపు, ఒక గీత, పైన ఒక తలకట్టు అనుకోవాలె. ఈ పాఠం పట్టుకునే నేను మంచి పెయింటర్నయిన. ఈ పాఠం వల్లనే చేసిన తప్పు కూడా ముందుకొస్తది. మంచి గురువుతోని ఉన్న చిక్కే అది. ఆయన చెప్పింది తప్పని తెలుసుకునేసరికి చేతికి అలవాటైపోతది.

నేను సొంతంగా కుంచె పట్టిన కాలంలో దేశం తలుపులు తెరిచిండ్రన్నరు. మెదక్‌కు ఆ తలుపు గోడల మీంచి వచ్చింది. ఎన్నడూ చూడని కూల్‌డ్రింకులు, రూపాయికి షాంపూ పాకెట్లు, మోటరు సైకిళ్లు, అన్నీ ముందుగాల నా కుంచె కిందనే మెదక్‌కు వచ్చినయి, తర్వాత దుకాణంలోకి. బస్టాండ్ చుట్టు పసుపుపచ్చ బోర్డులు లేచినయి: ఎస్టీడీ, ఐఎస్డీ, పీసీవో. ఆ తొమ్మిది ఇంగ్లీషు అక్షరాలు నా ఇల్లు నడిపినయి. వాటి అర్థం ఇయ్యాల్టికీ తెల్వదు. అడగలేదు గూడ. చదవొద్దన్నరు గద.

ఒకసారి ఒక దవాఖాన బోర్డు, ఒక పాల కేంద్రం బోర్డు ఒకేనాడు రాసి, టైములు అటుదిటు చేసిన. డాక్టరు పొద్దున ఐదింటికి కూసుంటడని బోర్డు మీద పడ్డది. తెల్లారకముందే జనం దవాఖాన ముంగట లైన్ కట్టిండ్రు. డాక్టరు ఇంట్లకెల్లి లుంగీ మీద వచ్చి, నేను ఎనిమిదికే గదా వస్త అని ఎంత మొత్తుకున్నా ఒక్కడూ వినలే. బోర్డు మీద ఐదని రాసుంది మరి. ఎదురుంగ నిలబడ్డ డాక్టరు కన్నా ఆయన బోర్డు మీదనే వాళ్లకు నమ్మకం.

నేను నవ్వుకున్న. భయపడాల్సిన సంగతని అప్పుడు తోచలే.

బాలవ్వ కల్లం

మెదక్‌కూ చేగుంటకూ నడుమ, తొవ్వ మీంచి లోపలికి పోతే రాళ్లగడ్డ అని ముప్పై ఇండ్ల పల్లె. పెద్ద ఊరికీ దానికీ మధ్యన వాగు. వానకాలం వచ్చిందంటే పిల్లలకు బడి బంద్. పెద్ద ఊరి బడిలో హాజరు పిలిచేటప్పుడు రాళ్లగడ్డ పేర్లు రాంగనే సారు తలెత్తకుండనే "వాగు" అని రాసుకునేటోడంట.

పల్లెకే ఒక బడి కావాలని వాళ్లు తిరగని ఆఫీసు లేదు. చివరికి మంజూరైంది. ఒక అర్ర, ఒక తలుపు, రెండు కిటికీలు, ముంగట చిన్న వరండా, ఒకే సారు. జాగ మాత్రం ఊరోళ్లే ఇయ్యాలన్నరు. అందరూ ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. బాలవ్వ లేచి తన కల్లం ఇచ్చింది. వరి కొట్టి, వడ్లు తూర్పారబట్టి ఆరబోసుకునే జాగ, ఆమెకున్నదే ఆ ఒక్కటి. ఆలోచించుకోమని పటేలు చెప్తే ఆమె అన్నమాట ఊరంతా చెప్పుకున్నరు.

"వడ్లంటే రోడ్డు మీద ఆరబోసుకుంట. పిల్ల వాగుల కొట్కపోతే ఏడ ఆరబోసుకోవాలె పటేలా?"

పిల్ల అంటే మనుమరాలు రేణుక. ఆ అర్ర నిలబడితే రేణుక చదువుతది, లేకుంటే లేదు. బాలవ్వ లెక్క అంతే.

ప్రారంభంనాడు శిలాఫలకం మీద ఉన్న పేర్లు బళ్లె చేరిన పిల్లల కన్నా ఎక్కువ. బాలవ్వ పేరు అందులో లేదు. జాగ తక్కువైందంట.

సారు పేరు సత్యం. ఉండుడు మెదక్‌లో. పదకొండు బస్సుకు వచ్చి, రెండున్నర బస్సుకు పోయేటోడు. నడుమ అన్నం, ఆ తర్వాత జర నడుం వాల్చుడు. మిగిలింది చదువు. చెడ్డోడు కాదు. చెడ్డోడైతే ఎవరన్నా ఫిర్యాదు చేసేటోళ్లు. మెత్తగ మాట్లాడుతడు, పిల్లల్ని కొట్టడు, పండుగకు అందరినీ పేరుపెట్టి పలకరిస్తడు. ఇట్లాంటి సారు ఎన్నేండ్లయినా ఒక్క బడిలోనే ఉంటడు, బడి ఏడున్నదో ఆడనే ఉంటది.

గోడలు కూడా పాఠం చెప్పాలని అప్పుడు పైనుంచి ఆర్డరొచ్చింది. ఆ ఆర్డరును సత్యం సారు అర్థం చేసుకున్నంత బాగా ఇంకెవరూ చేసుకోలే.

"నాలుగు దిక్కుల నింపు ఖాజా. నేను లేకున్నా గోడలు చెప్తయి" అన్నడు.

నింపిన. అచ్చులు, హల్లులు, దేశం మ్యాపు, పండ్లు. నా నోటుపుస్తకంలో ఉన్నవి ఆపిల్, ద్రాక్ష, పైనాపిల్. బాలవ్వ వాకిట్లో నిలబడి చాలాసేపు చూసింది.

"కొడుకా, ఇవి ఏ ఊరి పండ్లు?"

"బుక్కులల్ల ఉంటయవ్వా."

"మరి సీతాఫలం?"

"నా కాడ దాని బొమ్మ లేదు."

"ఊరు సుట్టు ఉన్నది గదరా. తల తిప్పితే కనవడ్తది."

తల తిప్పలే. మేము గోడ నుంచి గోడకు దింపుకునేటోళ్లం. ఒక ఊరి బడి చూసి పుస్తకంలో దింపుకోవాలె, ఆ పుస్తకం చూసి ఇంకో ఊరి బడి మీదికి. అసలు మొదటి గోడ ఎవడు రాసిండో ఎవరికీ తెల్వదు.

ఎక్కాలు పన్నెండు దాకా ఉన్నయి నా పుస్తకంలో. అన్నీ రాసినంక తలుపు పక్కన జానెడు వెడల్పు గోడ మిగిలింది. సత్యం సారు బస్సు హారన్ వినపడి సంచి అందుకుంటున్నడు.

"గా జాగ వట్టిగుంటే బాగుండదు. పదమూడో ఎక్కం గూడ కొట్టెయ్" అని ఉరికిండు.

పదమూడు నా పుస్తకంలో లేదు, నా బుర్రలో గూడ లేదు. నేను బడి వదిలినప్పుడు మా పంతులు పన్నెండు కాడనే ఉండె. అయినా అడుగుడెందుకు, కలుపుకుంట పోతే వస్తది గద అనుకున్న. పదమూడు, ఇరవయ్యారు, ముప్పై తొమ్మిది, యాభై రెండు, అరవై అయిదు, డెబ్బై ఎనిమిది. ఆడికి మంచిగనే వచ్చిన. డెబ్బై ఎనిమిదికి పదమూడు కలపాలె. ఎనిమిది, మూడు పదకొండు. ఒకటి వేసిన, ఒకటి చేతిలో పట్టుకోవాలె. చేతిలో కుంచె ఉంది. మర్చిపోయిన. ఎనభై ఒకటి అని వేసిన. అక్కడ్నుంచి దాని మీదనే కలుపుకుంట పోయిన: తొంభై నాలుగు, నూట ఏడు, నూట ఇరవై.

పదమూడు పదుల నూట ఇరవై. చదివితే నాలుగో తరగతి సగం చదివినోడికి గూడ తెలుస్తది. నేను చదవలే, చూసిన. అంకెలు ఒక వరుసలో నిలబడ్డయి, ఎనిమిది నడుము మంచిగ వచ్చింది. కింద మూలకు సంతకం పెట్టి దిగిన.

అందరూ చూసిండ్రు

ఆ గోడను నా తర్వాత ఎందరు చూసిండ్రో చెప్త, వినుండ్రి. సారు చూసి బాగుందన్నడు. సర్పంచ్ చూసి బాగుందన్నడు. ఇంజినీరు సాబ్ చూసి పని సరిగా ఉన్నదని సంతకం పెట్టిండు. మండలం నుంచొచ్చిన ఆఫీసరు గోడ ముంగట నిలబడి ఫోటో దిగిండు. ఫోటోలో ఆయన భుజం పక్కన నూట ఇరవై సక్కగ కనవడ్డది. అందరూ డిగ్రీలు చేసినోళ్లే. మా ఉస్తాద్ పాఠం వీళ్లకు ఎవరు చెప్పిండ్రో నాకు తెల్వదు గాని, ఒక్కడూ చదవలే, అందరూ చూసిండ్రు.

ఆ బడి మూడేండ్లు నడిచింది. ఆ తొవ్వల ఎప్పుడన్నా సైకిల్ మీద పోతే, సారు ఇంకా బస్సులో ఉన్నా సరే, పిల్లల గొంతులు మాత్రం వినపడేవి. గోడ చూసి ఎక్కాలు పాడుకునేటోళ్లు. పదమూడేడ్ల ఎనభై ఒకటి. నా రాత ఇంతమంది నోట్ల ఆడుతున్నదని నా ఛాతీ ఉబ్బేది. సైకిల్ ఆపి వినేటోన్ని. వినుడు గూడ చూసినట్టే విన్న.

బాలవ్వ కనవడ్డప్పుడల్లా రేణుక ముచ్చటే. అన్ని ఎక్కాలు నోటికొచ్చినయంట, పొద్దుగూకినంక అంగడి లెక్క గూడ చెప్తదంట. "కల్లం పోతే పోయింది గని, పంట ఇంట్లనే పండుతున్నది కొడుకా" అని మురిసిపోయేది.

నిచ్చెన మీద

పిల్లలు తక్కువున్న బళ్లను పెద్ద ఊరి బళ్లలో కలుపుతరని మాట పుట్టింది. ఏ బడి ఉంచాలె, ఏది తీయాలె అని చూడనీకి జిల్లా ఆఫీసు నుంచి ఒక పెద్దసారు వస్తుండని తెలిసి, సత్యం సారు పొద్దుగాలనే నా ఇంటికొచ్చిండు. ఆయన పదకొండుకు ముందు లేచి తిరుగుడు నేను చూసింది ఆ ఒక్కనాడే. బడి పేరు వెలిసిపోయింది, పెద్దసారు వచ్చేలోపల మీదికెల్లి ఒక చెయ్యి కొట్టుమన్నడు. ఒక బడి ఉండాల్నో పోవాల్నో తేలే రోజు దానికి చేసిన మరమ్మతు పేరు దిద్దుడు.

నేను కిటికీ పక్కన నిచ్చెన మీదున్న. జీపొచ్చింది. లోపల జరిగిందంతా నాకు వినపడింది, సగం కనవడ్డది.

పెద్దసారు వాచకం చదివించిండు. మంచిగ చదివిండ్రు. బాలవ్వ వాకిట్లో నిలబడి ఒక్కొక్క పిల్ల లేచినప్పుడు పెదవులు కదిలిస్తున్నది. చివరికి రేణుకను లేపిండు.

"పదమూడు ఏడులు ఎంతమ్మా?"

"ఎనభై ఒకటి సార్."

పెద్దసారు ఆగిండు. ఆయనకు గూడ జర టైం పట్టింది, వేళ్లు కదిలినయి. నమ్మకం చాలక సులువుది అడిగిండు.

"పదమూడు పదులు?"

"నూట ఇరవై సార్."

ఈసారి నవ్విండు. "ఎవరు నేర్పారమ్మా నీకు?"

రేణుక చెయ్యెత్తి తలుపు పక్క గోడ చూపిచ్చింది. పెద్దసారు చూసిండు. సత్యం సారు గూడ చూసిండు. ఈసారి చూసుడే కాదు, చదివిండు. మొఖం చూస్తే తెలిసింది.

"పెయింటర్ తప్పు సార్," అన్నడు. "దిద్దమని ఎన్నిసార్లో చెప్పిన. వింటలేడు సార్."

ఒక్కసారి గూడ చెప్పలే.

పెద్దసారు వంగి మూలకున్న సంతకం చదివిండు. "ఖాజా ఆర్ట్స్, మెదక్. ఎవడండీ వీడు?"

బాలవ్వ తల నా దిక్కు తిరిగింది. నేను నిచ్చెన మీద, కిటికీకి మూరెడు దూరంలో ఉన్న. దిగి ఒక్క మాట అనాలె. సార్, తప్పు నాది, పిల్లది కాదు, ఇంకో లెక్క అడగండ్రి అని. అంతే మాట. కాని ఎండాకాలంలో ఆ జిల్లాలో ఇంకా ఎన్నో బడిగోడలు రాయాల్సి ఉన్నయి. ఆ గోడలన్నీ ఆ పెద్దసారు ఆఫీసు చేతిలో ఉన్నయి.

నేను "పాఠశాల" అన్న మాట రాస్తున్న. "ఠ" నడుమ చుక్క పెట్టాలె. పెట్టిన. అంత మెల్లగ, అంత శ్రద్ధగ ఒక చుక్కను నా బతుకులో ఇంకెప్పుడూ పెట్టలే.

పిల్లలకు ఎక్కాలు గూడ రావని పెద్దసారు కాగితం మీద రాసుకున్నడని తర్వాత ఆ ఆఫీసు జవాను చెప్పిండు. తీసే బళ్ల లిస్టు అంతకుముందే తయారైందని గూడ అతనే చెప్పిండు. ఆ రెండో మాట పట్టుకొని చాన్నాళ్లు కడుపునిండ తిన్న.

వానలు పడకముందే బడికి తాళం పడ్డది. సత్యం సారును శిక్ష కింద మెదక్‌లో ఆయన ఇంటెనక బడికే ఏసిండ్రు, బస్సు బాధ గూడ పోయింది. బాలవ్వ తన కల్లం తనకియ్యమని ఆఫీసు చుట్టూ తిరిగింది. అది ఇప్పుడు సర్కారు జాగ అన్నరు. బడి లేదు గదా అంటే, అర్ర ఉంది గదా అన్నరు. ఆ మీది ఎండాకాలం గూడ వడ్లు రోడ్డు మీద, బస్సు చక్రాల కింద ఆరబోసుకుంది.

రేణుక ఒక వానకాలం వాగు దాటింది. రెండో వానకాలానికి బీడీల చాట ఒళ్లో పెట్టుకుంది.

ఫ్లెక్సీలు, గోడలు

తర్వాత ఫ్లెక్సీ మిషన్లొచ్చినయి. నేను మూడు దినాలు రాసే బోర్డు మూడు నిమిషాలల్ల బయటపడ్డది. లీడర్ల మొఖాలు గూడ ఉన్నదానికన్నా తెల్లగ వచ్చినయి, ఆ పని నా కుంచెతోని అయ్యేది కాదు. సగం మంది పెయింటర్లు ఆటోలు తోలుకునేదానికి పోయిండ్రు.

మళ్ల ఉద్యమం వచ్చి గోడలు నా చేతికిచ్చింది. ఫ్లెక్సీని ఎవడన్నా చింపుతడు, గోడను చింపలేరు. "జై తెలంగాణ" అని ఎన్ని గోడల మీద రాసిన్నో లెక్కలేదు. ఒక్కదాని కింద గూడ సంతకం పెట్టలే. పోలీసోళ్లకు నా అడ్రసు నేనే రాసిచ్చుడెందుకని. ధైర్యం గురించి గోడనిండ రాసినోడు మూలకు పేరు రాసుకోనీకి భయపడ్డడు.

రాళ్లగడ్డ పోరగాండ్లు పిలిస్తే పోయిన. ఊర్లె అన్నిటికన్నా పెద్ద గోడ ఆ బడిదే. లోపల యూరియా బస్తాలు. వరండాలో బాలవ్వ కూసోని ఉంది, చూపు తగ్గింది. నా గొంతు విని "వచ్చినవా, ఎక్కాల పంతులూ" అన్నది. పక్కన రేణుక బీడీలు చుడుతున్నది.

డబ్బాలు లోపల పెట్టుకుంటనని తాళం తీయించిన. బస్తాల నడుమ తలుపు పక్కన పదమూడో ఎక్కం అట్లనే ఉంది. ఎనామిల్ రంగు, పోదు. మంచి సరుకే వాడిన మరి.

బస్తాలు జరిపి, తెల్లరంగు కొట్టి నాలుగు అంకెలు చెరిపిన. ఎనభై ఒకటి తీసి తొంభై ఒకటి వేసిన. తర్వాతది వేళ్ల మీద లెక్కపెడుతున్న, నోట్లో గొణుక్కుంటున్న.

"నూట నాలుగు" అన్నది రేణుక గడప అవతల్నించి, చాట మీంచి తల ఎత్తకుండ.

వేసిన.

"నూట పదిహేడు. నూట ముప్పై."

అవి గూడ వేసిన. "ఇప్పుడు మంచిగ వచ్చిందా బిడ్డా" అన్న.

"అప్పుడు గూడ వస్తుండె చిచ్చా. పదేసి బీడీల కట్టలు పదమూడు పెడితే నూట ముప్పై అయితది గద, మా అవ్వ కాడనే నేర్చుకున్న. సారుకు చెప్పిన. గోడ మీదున్నదే చెప్పాలె, అది సర్కారు గోడ అన్నడు."

నేను గడప దిక్కు తిరిగిన. "మరి ఆనాడు పెద్దసారుకు అసలుది చెప్పకపోతివా?"

రేణుక బీడీ కొనకు దారం చుట్టింది, తెంపింది.

"నాకు తొమ్మిదేండ్లు. నువ్వు నిచ్చెన మీదనే ఉంటివి గద చిచ్చా. నువ్వెందుకు చెప్పకపోతివి?"

కొత్తగ పనిలోకొచ్చే పిల్లలకు నేను చెప్పేది ఏమన్నా ఉంటే ఇదే. రాసినంక నిచ్చెన దిగకముందు పెద్దగ చదువుండ్రి, పక్కోడికి వినపడేటట్టు. మా ఉస్తాద్ ఏమనుకుంటే అనుకోనియ్యి.

రేణుక అట్ల అడగంగనే నేను మూలకున్న సంతకం చెరుపుదామని కుంచె వంచిన.

"అది ఉండనియ్యి," అన్నది. "ఎవరు రాసిండ్రో తెల్వాలె గద."

బాలవ్వ ఇంతసేపూ విన్నది. "ఎక్కం దిద్దినవు, మంచిగైంది కొడుకా. గదే చేత్తోని నా కల్లం గూడ దిద్దిపో."

బయట పోరగాండ్లు పిలుస్తున్నరు, రంగు ఆరిపోతున్నది రమ్మని. పోయి నిచ్చెన ఎక్కిన. అదే కిటికీ. వరండాలో వాళ్లిద్దరూ తల నా దిక్కు తిప్పుకొని కూసున్నరు, ఏం రాస్తనో చూద్దామని.